బడిలో చేపల దవాఖాన

శనివారం మధ్యాహ్నం అఖిల అన్నం ముందు కూర్చుంది. అప్పుడే బాపు తెల్లటి థర్మోకోల్ పెట్టెను రెండు చేతులతో పట్టుకుని లోపలికి వచ్చాడు. అఖిల కంచం పక్కకు జరిపి లేచింది.

"తిని రా, అది యాడికి పోదు," అంది అమ్మ. అలా అంటూనే తాను కత్తెర కోసం వెతకసాగింది.

బాపు పేరు రాఘవేందర్. ఎయిర్‌పోర్టులో కార్గో దగ్గర పనిచేస్తాడు. అమ్మ సంతోషి చేసే పని చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. శంషాబాద్ చుట్టుపక్కల హోటళ్లలో, పళ్ల డాక్టర్ల దగ్గర సముద్రపు చేపల అక్వేరియంలు పెట్టి, వాటి బాగోగులు చూస్తుంది. సముద్రం ఇక్కడికి ఎంతో దూరం. అందుకే శుభ్రమైన నీళ్లలో ప్రత్యేకమైన ఉప్పు కలిపి సముద్రపు నీళ్లను అమ్మ తానే తయారుచేస్తుంది. చేపలు మాత్రం విమానంలో వస్తాయి.

పెట్టెలో నీళ్లు నింపిన కవరు ఉంది. అందులో అఖిల అరచేతి కన్నా చిన్న చేప. పండు నిమ్మకాయ రంగు. ఆకులా పలచటి ఒళ్లు, ముందుకు సాగిన మూతి. దాన్ని పసుపు ట్యాంగ్ అంటారని అమ్మ చెప్పింది.

ఆ చేప అఖిల వాళ్ల బడి కోసం వచ్చింది. బడి ముందు హాల్లో మంచమంత పొడవున్న అక్వేరియం ఉంది. దాన్ని పెట్టింది కూడా అమ్మే. అందులో రాళ్లు, ప్రాణమున్న పగడాలు, ఒక ఎర్ర రొయ్య, నత్తలు, మూడు చేపలు ఉన్నాయి. తెల్ల చారల జోకర్ చేపలు రెండు. గోలీ అనే చిన్న నీలం చేప ఒకటి. ఆ పేరు ఒకటో తరగతి పిల్లలు పెట్టారు. నిజంగానే అది గాజు గోలీలా మెరుస్తూ రాళ్ల సందుల్లో దొర్లినట్టు తిరిగేది.

ఆ చేపలకు రోజూ పొద్దున మేత వేసేది ఆరో తరగతి చదివే అఖిల. ఎవరు ఏమడిగినా తడుముకోకుండా జవాబు చెప్పేది. పిల్లలు ఆమెను చేపల మేడం అని పిలిచేవాళ్లు. అలా పిలిస్తే విననట్టు నటించేది కానీ, అఖిలకు ఆ పేరు చాలా ఇష్టం.

అమ్మ కొత్త చేపను చేపల గదిలోకి తీసుకెళ్లింది. ఒక మూలన చిన్న ట్యాంకు ఉంది. అందులో ఇసుక లేదు, రాళ్లు లేవు. గాలి బుడగలు వదిలే స్పాంజి, నీళ్లను వెచ్చగా ఉంచే హీటర్, దాక్కోవడానికి ప్లాస్టిక్ పైపు ముక్కలు రెండు, అంతే. దాన్ని క్వారంటైన్ ట్యాంకు అంటారు. కొత్త చేప ఏదొచ్చినా ముందు అందులోనే ఉండాలి. రోగం లేదని తేలాకే మిగతా చేపల దగ్గరికి పంపాలి.

"ఎన్ని రోజులుంటది?" అని అఖిల అడిగింది.

కొన్ని వారాలు పడుతుందని అమ్మ చెప్పింది.

సోమవారానికల్లా పసుపు చేప హాల్లో ఉంటుందని అఖిల నిన్ననే క్లాసులో చెప్పేసింది. తనతో చదివే పాండు అయితే తన తమ్ముణ్ణి కూడా తెచ్చి చేపను చూపిస్తానన్నాడు.

ఆదివారమంతా అఖిల ట్యాంకు ముందే కూర్చుంది. చేప చురుగ్గా ఈదుతోంది. ఎండు సముద్రపు నాచును కొరికి కొరికి తింటోంది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. సాయంత్రం అమ్మకు అదే చెప్పి, రేపే తీసుకెళ్దామని బతిమాలింది.

"జర ఆగు బిడ్డా. పైకి మంచిగనే ఉంటయి. లోపల ఏమున్నదో మనకు కనవడది," అంది అమ్మ.

తనకు అంతా కనబడుతూనే ఉంది కదా అని అఖిల అనుకుంది.

సోమవారం అమ్మ పొద్దున్నే తుక్కుగూడలో ఒక క్లినిక్ పనికి వెళ్లింది. బాపు డ్యూటీలో ఉన్నాడు. నానమ్మ దుర్గవ్వ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అఖిల చేపల గదిలోకి వెళ్లి, మూత ఉన్న బకెట్లో ట్యాంకు నీళ్లు పోసింది. వలతో చేపను మెల్లగా పట్టింది. చిన్నప్పటి నుంచి చూసిన పని అది.

బకెట్లో ఏమున్నదని నానమ్మ అడిగితే, బడి చేప అని చెప్పింది. అది అబద్ధం కాదు. నానమ్మ ఇంకేమీ అడగలేదు.

బడి పక్క గల్లీలోనే ఉంది. వాచ్‌మన్ యాదయ్య హాలు తలుపు తీశాడు. అఖిల ఏ తొందరా పడలేదు. చేపను కవరులోకి మార్చి, ఆ కవరును అక్వేరియం నీళ్లలో తేలనిచ్చింది. రెండు నీళ్ల వేడి ఒకటయ్యేదాకా ఆగింది. తర్వాత కొంచెం కొంచెంగా అక్వేరియం నీళ్లను కవరులో కలిపింది. చివరికి చేపను వదిలింది. అమ్మ ఎలా చేస్తుందో అచ్చం అలాగే చేసింది, ఒక్కటి తప్ప.

పసుపు చేప రాళ్ల చుట్టూ ఒక చుట్టు తిరిగింది. పొద్దుటి వెలుతురు దాని మీద పడింది. ప్రార్థన గంట కొట్టేసరికి హాల్లో నిలబడడానికి చోటు లేదు. చేపల మేడం చెప్పింది చేసి చూపించిందని పాండు అందరికీ చెప్పాడు. హెడ్‌మిస్ట్రెస్ ప్రేమలత మేడం కూడా వచ్చి చూసి, చాలా బాగుందని మెచ్చుకుంది.

సాయంత్రం అమ్మ ఇంటికి రాగానే అఖిల తానే వెళ్లి చెప్పింది. దాచాలని ఆమెకు అనిపించనే లేదు. అంత బాగా చేసినందుకు అమ్మ సంతోషిస్తుందని కూడా కొంత ఆశ ఉంది.

అమ్మ ఖాళీ ట్యాంకు వైపు చూసింది.

"ఎవర్ని అడిగి తీస్కపోయినవ్?"

"చేప మంచిగుందమ్మా. బడిల గూడ మంచిగ తిన్నది."

"ఇయ్యాల మంచిగున్నది. నేను పరేషాన్ అయ్యేది రేపటి గురించి," అంది అమ్మ.

చేపను మళ్లీ పట్టి తెద్దామా అని అఖిల మెల్లగా అడిగింది. ఆ రాళ్లన్నీ తీస్తే తప్ప అది చేతికి చిక్కదని, దాని ఒంటి మీద నుంచి ఏదైనా పడాల్సి ఉంటే ఈపాటికి ఆ నీళ్లలో పడే ఉంటుందని అమ్మ చెప్పింది. రోజూ అన్ని చేపలనూ దగ్గర నుంచి చూడమంది. ఏ చిన్న తేడా కనబడినా వెంటనే ఫోన్ చేయమంది. తిట్టలేదు.

వారం గడిచింది. ఏమీ కాలేదు. పసుపు చేప హాలుకంతటికీ రాజులా తిరిగింది. అమ్మ ఊరికే భయపడిందని అఖిలకు నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత ఒక పొద్దున పసుపు చేప రాయికి ఒళ్లు రుద్దుకుంటూ కనబడింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. అఖిల అద్దానికి ముక్కు ఆనించి చూసింది. రెక్కల మీద తెల్లటి చుక్కలు. ఉప్పు రవ్వలు చల్లినట్టున్నాయి.

పక్కన నిలబడ్డ పాండు, ఉప్పు నీళ్లు కదా, ఉప్పే అంటుకుని ఉంటుందన్నాడు. అలా అయితే బాగుండునని అఖిలకూ అనిపించింది. అప్పుడే జోకర్ చేపల్లో పెద్దది ముందుకు వచ్చింది. దాని నల్లటి రెక్క అంచు మీద కూడా ఒక చుక్క ఉంది.

అఖిల ఆఫీసు గదిలోకి వెళ్లి, ప్రేమలత మేడం ఫోన్ నుంచి అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, తెల్ల చుక్కలొచ్చినయి. పెద్ద జోకర్‌కు గూడ వచ్చినయి."

అంటూనే ఏడ్చేసింది.

"వస్తున్న. ఏడ్పు తర్వాత ఏడుద్దువు గని, ల్యాబ్ తాళం అడిగి తీస్కో. రెండు బకెట్లు కడిగి పెట్టు," అంది అమ్మ.

అమ్మ వచ్చేసరికి అఖిల బకెట్లు కడిగింది. ఏడుపు సంగతి మరిచిపోయింది.

అమ్మ టార్చి వేసి ఒక్కొక్క చేపనూ చూసింది. గోలీ ఒక రాయి వెనక కదలకుండా ఉంది. దాని మొప్పలు గబగబా ఎగిరెగిరి పడుతున్నాయి. ఇది సముద్రపు చేపలకు వచ్చే తెల్ల చుక్క రోగమని అమ్మ ప్రేమలత మేడంకు చెప్పింది.

మందు ఇక్కడే నీళ్లలో కలిపేయలేమా అని మేడం అడిగింది. ఆ మందులో రాగి ఉంటుందని, అది చేపలను బతికిస్తుంది కానీ రొయ్యనూ నత్తలనూ పగడాలనూ చంపేస్తుందని అమ్మ వివరించింది. అందుకే చేపలను వేరే ట్యాంకులోకి మార్చి మందు వేయాలి. దానికి సైన్స్ ల్యాబ్‌లో ఒక మూల కావాలి.

"మీకు ఎంత చోటు కావాలంటే అంత తీసుకోండి," అంది మేడం.

ఇలా అయిందేమిటని మేడం ఎవరినీ అడగలేదు. అఖిలే చెప్పింది. అమ్మ వద్దన్నా తానే చేపను తెచ్చానంది. మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసి, ముందు పని చూడమంది.

ఇంటి నుంచి తెచ్చిన పాత గాజు ట్యాంకును ల్యాబ్‌లో కిటికీకి దూరంగా పెట్టారు. అమ్మ చెబుతూ ఉంటే అఖిలే అన్నీ చేసింది. నీళ్లు పోసి ఉప్పు కలిపింది. ఉప్పు సరిపోయిందో లేదో చూసే గొట్టంలాంటి పరికరంలో ఒక చుక్క వేసి, కంటికి పెట్టుకుని చూసింది. తక్కువైందని ఇంకొంచెం కలిపింది. హీటర్ పెట్టింది. పాండు ప్లాస్టిక్ పైపు ముక్కలు కడిగి ఇచ్చాడు.

ఇసుక వేద్దామా అని పాండు అడిగాడు. అఖిలకు జవాబు తెలియలేదు. అమ్మ వైపు చూసింది. ఇసుక, రాళ్లు మందును పీల్చేసుకుంటాయని, ఇది అందం కోసం పెట్టిన ట్యాంకు కాదని అమ్మ చెప్పింది.

"అయితే ఇది చేపల దవాఖాన," అన్నాడు పాండు. ఆ పేరే ఉండిపోయింది.

చేపలను పట్టడం కష్టమైంది. పెద్ద ట్యాంకులో నీళ్లు సగం డ్రమ్ముల్లోకి తోడారు. ఒక్కొక్క రాయినీ బయటికి తీశారు. హాలంతా తడి. రంగురంగుల తోటలా ఉండే ట్యాంకు కూల్చిన గోడలా తయారైంది. ఆ దారిన వెళ్లే పిల్లలు ఆగి చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు. వాళ్లు నవ్వినా బాగుండేదని అఖిలకు అనిపించింది.

ఒక్కొక్క చేపనే పట్టి ల్యాబ్‌కు చేర్చారు. అన్నింటికన్నా చివర గోలీ దొరికింది. అది తప్పించుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

ఆ సాయంత్రం నానమ్మ దగ్గర కూర్చుని అఖిల జరిగిందంతా చెప్పింది. నానమ్మ పెళ్లయి వచ్చినప్పుడు ఈ ఇంట్లో గొర్రెల మంద ఉండేది.

"సంతల గొర్రెను కొనుక్కొస్తే ఆ దినమే మందల కలుపుతమా?" అంది నానమ్మ. "దొడ్డి బయట కట్టేసి సూసెటోళ్లం. మేస్తున్నదా, దగ్గుతున్నదా, కాలు సక్కగ పెడుతున్నదా అని. గా తర్వాతనే లోపటికి."

"మరి గా పొద్దు నాకెందుకు చెప్పలే?"

"బకెట్ల ఏమున్నదో నువ్వు సక్కగ చెప్పితివా?"

నానమ్మ అఖిల జడ విప్పి, మళ్లీ అల్లసాగింది.

మరుసటి పొద్దున గోలీ ట్యాంకు అడుగున పక్కకు ఒరిగి ఉంది. నీలం రంగు వెలిసిపోయింది.

అఖిల చిన్న వలతో దాన్ని పైకి తీసింది. ఆ చేపకు పేరు పెట్టింది ఒకటో తరగతి పిల్లలు. వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. వాళ్ల టీచర్ చెబుతానన్నా అఖిల తానే వెళ్లింది.

చిన్నపిల్లలు నేల మీద కూర్చుని బొమ్మలకు రంగులు వేస్తున్నారు. గోలీ చనిపోయిందని అఖిల చెప్పింది. తాను తొందరపడి కొత్త చేపను తెచ్చానని, దాని రోగం గోలీకి అంటుకుందని చెప్పింది. ముందు వరసలో పూర్ణిమ అనే పాప ఉంది. రెండు పిలకలు, రాలిన ముందు పన్ను. రోజూ బడి వదిలాక గోలీకి టాటా చెప్పి వెళ్లేది ఆ పాపే.

"నువ్వు కావాలని చేసినవా అక్కా?"

"కాదు."

"మరి మిగిలినయి బతుకుతయా?"

బతుకుతాయి అని చెప్పేయడం తేలిక. అఖిల నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆగింది.

"ఏమో, నాకు తెల్వదు. రోజు దగ్గరుండి చూసుకుంట," అంది.

పూర్ణిమ తల ఊపింది. తర్వాత మళ్లీ రంగు పెన్సిల్ తీసుకుంది.

బడి వెనక గన్నేరు చెట్టు మొదట్లో గోలీని పూడ్చారు. ఆ రోజు మొదలు అఖిల అందరికన్నా ముందు బడికి వచ్చేది.

దవాఖానలో పని పెద్ద ట్యాంకులోలా ఉండదు. చిన్న ట్యాంకులో నీళ్లు త్వరగా పాడవుతాయి. అఖిల ఒక గాజు గొట్టంలో కాసిని నీళ్లు తీసి, పరీక్ష మందు చుక్కలు వేసేది. పసుపు రంగు వస్తే నీళ్లు బాగున్నట్టు. ఆకుపచ్చగా మారితే చేపల మలినం పేరుకున్నట్టు. అప్పుడు కొంత నీరు తోడి, కొత్త ఉప్పునీళ్లు పోయాలి. ఆ నీళ్లకు తగినంత మందు మళ్లీ కలపాలి. మందు ఎక్కువైతే చేపలకు ప్రమాదం, తక్కువైతే రోగం పోదు. మందు కొలిచేది మాత్రం అమ్మే. అఖిల పక్కన నిలబడి చూసేది.

దవాఖాన బకెట్‌కూ వలకూ ఎర్ర టేపు చుట్టారు. అవి ల్యాబ్ గడప దాటకూడదు. ఒకసారి పాండు మరిచిపోయి ఆ బకెట్‌తో హాల్లోకి అడుగు పెట్టబోయాడు. అఖిల పరుగెత్తుకెళ్లి అడ్డంగా నిలబడింది. పాండు బకెట్ లోపల పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు.

ఖోఖో ఆడే పీరియడ్‌లో ఒకసారి గొట్టంలో నీళ్లు ఆకుపచ్చగా మారాయి. గ్రౌండ్‌లో జట్లు కట్టేశారు. అఖిల పేరు పిలుస్తున్నారు. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపి, మీరు ఆడండని సైగ చేసి, నీళ్లు తోడడం మొదలుపెట్టింది.

హాల్లోని పెద్ద ట్యాంకులో రాళ్లు మళ్లీ పేర్చారు. ఎర్ర రొయ్య ఒంటరిగా తిరుగుతోంది. మరి మిగతా చేపలను ఎప్పుడు తెస్తారని అందరూ అడిగేవాళ్లు. అమ్మ అఖిలకు వివరంగా చెప్పింది. ఆ తెల్ల చుక్కలో ఉండేది కంటికి కనబడనంత చిన్న పురుగు. కొన్నాళ్లు చేప మీద ఉండి రాలిపోతుంది. రాళ్ల మీదా ఇసుకలోనూ దాక్కుని వందల పిల్లలు పెడుతుంది. అవి మళ్లీ చేపను వెతుక్కుంటూ బయల్దేరతాయి. చేప దొరకకపోతే బతకలేవు. అందుకే పెద్ద ట్యాంకులో చేప అన్నదే లేకుండా చాలా వారాలు ఉంచాలి. వాటిలో చివరిది కూడా పోయేదాకా.

"మధ్యల ఒక్క చేపను వేస్తే?" అని అఖిల అడిగింది.

"మళ్ల మొదటికొస్తది. ఇన్ని దినాల కష్టం వట్టిగనే పోతది," అంది అమ్మ.

మెల్లగా చేపలు కోలుకున్నాయి. ముందు జోకర్ చేపలు మేతకు ఎగబడ్డాయి. తర్వాత పసుపు చేప పైపు ముక్కలోంచి మూతి బయట పెట్టి నాచును లాక్కుంది. చుక్కలు ఒక్కటీ మిగల్లేదు. రంగు తిరిగి వచ్చింది. అయినా అమ్మ దవాఖాన మూయలేదు, అఖిలా అడగలేదు.

నవంబరు వచ్చింది. బాలల దినోత్సవానికి బడికి తల్లిదండ్రులందరూ వస్తారు. ముందురోజు పిల్లలు హాల్లో రంగు కాగితాలు కడుతున్నారు. ప్రేమలత మేడం ఖాళీ ట్యాంకు ముందు ఆగి, అఖిలను పిలిచింది.

"చేపలు ఇప్పుడు ఆరోగ్యంగానే ఉన్నాయి కదా అఖిలా?"

"ఉన్నాయి మేడం."

"అయితే రేపు ఒక్క పూట వాటిని ఇందులో వేద్దామా? అందరూ ఈ హాల్లోంచే వస్తారు. ఇంత పెద్ద ట్యాంకు ఖాళీగా ఉంటే బాగుండదేమో. కార్యక్రమం అవగానే మళ్లీ ల్యాబ్‌కు మార్చేద్దువుగాని."

కాగితాలు కడుతున్న పిల్లలు ఆగిపోయారు. పాండు స్టూల్ మీద నుంచి వంగి చూస్తున్నాడు. అడుగుతున్నది మేడం. వేస్తే అందరూ సంతోషిస్తారు. అఖిలకు కూడా పసుపు చేప ఆ రాళ్ల మధ్య ఎలా తిరిగేదో కళ్ల ముందు మెదిలింది. ట్యాంకులోకి చూసింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. రాళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా ఏమీ కనబడలేదు.

"వద్దు మేడం," అంది అఖిల.

గొంతు తాను అనుకున్నదాని కన్నా గట్టిగా వచ్చింది. కాస్త తగ్గించి మళ్లీ చెప్పింది.

"ఇందుల ఇంకా పురుగు ఉండొచ్చు మేడం. మనకు కనవడది. చేపలను ఒక్క పూట వేసినా వాటికి అంటుకుంటది. గోలీకి గట్లనే అయింది."

"అమ్మను ఒకసారి అడుగుదామా?"

"అడగండి మేడం. అమ్మ కూడా ఇదే చెప్తది."

మేడం ఫోన్ తీయలేదు. ఖాళీ ట్యాంకును, అఖిలను మార్చి మార్చి చూసింది. తర్వాత కళ్లజోడు సర్దుకుని, మరి వచ్చినవాళ్లకు ఏం చూపిద్దామని అడిగింది. తోటి టీచర్‌ను అడిగినట్టు అడిగింది.

అఖిల ల్యాబ్ వైపు చూసింది.

"ల్యాబ్‌కు తీసుకురండి మేడం. దవాఖాన చూపిద్దాం."

మరునాడు పాటలు, ఆటలు అయ్యాక తల్లిదండ్రులు వరసకట్టి ల్యాబ్‌కు వచ్చారు. పాండు గుమ్మంలో నిలబడి కొందరు కొందరినే లోపలికి పంపాడు. అద్దం మీద వేళ్లతో కొట్టొద్దని పెద్దవాళ్లకు కూడా చెప్పాడు. వాళ్లకు కనబడింది ఇసుక కూడా లేని ఒక గాజు ట్యాంకు, నాలుగు పైపు ముక్కలు, మూడు చేపలు. అయినా ఎవరూ త్వరగా బయటికి వెళ్లలేదు.

అఖిల గాజు గొట్టంలో నీళ్లు తీసి చుక్కలు వేసి చూపించింది. రంగు ఎందుకు మారుతుందో చెప్పింది. గోలీ సంగతి కూడా చెప్పింది. అది ఎవరి తొందర వల్ల పోయిందో దాచలేదు. ఎవరో ఒక ప్రశ్న అడిగితే, అది తనకు తెలియదని, అమ్మను అడిగి చెబుతానని అంది. అమ్మ వరస చివర నానమ్మ పక్కన నిలబడి ఉంది. ముందుకు రాలేదు. తన వంతు వచ్చినప్పుడు అందరిలాగే వంగి ట్యాంకులోకి చూసింది.

"నీళ్లు మంచిగున్నయి," అంది అఖిలతో. అంతే అంది. అఖిలకు ఆ మాట చాలనిపించింది.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. అఖిల బకెట్లు కడిగి బోర్లించింది. తలుపు దగ్గర అలికిడి అయింది. పూర్ణిమ వచ్చింది. పరికిణీ వేసుకుని, తల నిండా పూలు పెట్టుకుని ఉంది. వరసలో పెద్దవాళ్లు అడ్డం నిలబడితే తనకు ఏమీ కనబడలేదని చెప్పింది.

అఖిల స్టూల్ జరిపి పాపను దాని మీద కూర్చోబెట్టింది. తాను పక్కన నిలబడింది. పసుపు చేప పైపులోంచి బయటికి వచ్చింది. జోకర్ చేపలు దాని వెనకే తిరిగాయి.

"రోగం పోయిందా అక్కా?"

"పోయినట్టే ఉన్నది."

"అయితే వీటిని పెద్ద ట్యాంకుల ఇయ్యాలనే వేద్దామా?"

"ఇయ్యాల కాదు."

"రేపు?"

"రేపు గూడ కాదు."

"మరెప్పుడు?"

అఖిల ఇంకో స్టూల్ తెచ్చుకుని పాప పక్కన కూర్చుంది.

"రేపు పొద్దుగాల రా. ఇద్దరం కలిసి చూద్దాం," అంది.

పూర్ణిమ గడ్డం చేతుల మీద ఆనించుకుని ట్యాంకు వైపు వంగింది. బయట ఆటో హారన్ కొట్టింది. ఎవరో పాప పేరు పిలిచారు. ఇద్దరూ కదల్లేదు. స్పాంజి లోంచి బుడగలు ఒకటొకటిగా పైకి వస్తున్నాయి. పసుపు చేప అద్దం దగ్గరికి వచ్చి, వాళ్లిద్దరి ముందూ మెల్లగా ఈదుకుంటూ వెళ్లింది.